చూరు, సున్నం, శ్లాబు: కృష్ణాతీరపు ఇంటి కథ

చలిదేశాల్లో స్థిరపడిన మన తెలుగు మిత్రుల రాతలు చదువుతున్నప్పుడు ఒక విషయం తరచుగా కంటపడుతుంది. అక్టోబరు వచ్చేసరికి వారికి ఇంటి బయట పని మొదలవుతుంది. కప్పు అంచున నీరు పోయే తొట్లలో రాలిన ఆకులు తీయాలి, కిటికీల చుట్టూ సందులు పూడ్చాలి, బయటి కుళాయిలో చుక్క నీరు మిగలకుండా చూడాలి, చెక్కగోడకు రంగు లేచిన చోట మళ్లీ వేయాలి. ఇది చదివి మా బెజవాడవారు నవ్వుకుంటారు. పటమటలో మంచు కురవదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మరో దుప్పటి లాక్కుంటే మా చలికాలం గడిచిపోయినట్టే. కాబట్టి ఇంటి ఒంటిని వాతావరణం నుంచి కాచుకోవడమనే విద్య మనకు పరాయిదని, కట్టేటప్పుడు గట్టిగా కట్టుకుంటే చాలునని చాలామంది అభిప్రాయం. ఈ అభిప్రాయానికి వయస్సు మహా అయితే యాభై ఏళ్లు. అంతకు ముందు కృష్ణా డెల్టాలో ఏ ఇంటివారూ ఇలా అనుకొని ఉండరు. అప్పట్లో ఇల్లు కట్టడం ఒకనాటి పని, దాన్ని కాయడం ఏటేటి పని.

అసలు శత్రువు అక్కడా ఇక్కడా ఒకటే. అది నీరు. చలిదేశంలో గోడ పగులులోకి దిగిన నీరు గడ్డకట్టి సుమారు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఇటుకను లోపలి నుంచి చీలుస్తుంది. మన తీరంలో అదే నీరు ఉప్పును మోసుకొని గోడలోకి దిగుతుంది. ఎండకు నీరు ఆవిరైపోయి, మిగిలిన ఉప్పు స్ఫటికాలుగా పెరిగి పూతను పెచ్చులుగా రాలుస్తుంది. కాంక్రీటులోకి దిగితే లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది కనుక కాంక్రీటు పగులుతుంది. ఇందులో ఒక తమాషా ఉన్నది. మన దేశంలో కాంక్రీటు కట్టడాలకు ప్రమాణమైన ఐ.ఎస్. 456 (2000 నాటి కూర్పు) వాతావరణాన్ని తరగతులుగా విభజిస్తూ, తడిగా ఉండగా అప్పుడప్పుడు గడ్డకట్టే కాంక్రీటునూ, సముద్రతీరపు గాలి తగిలే కాంక్రీటునూ ఒకే "తీవ్ర" తరగతిలో వేసింది. లోపలి ఇనుము మీద కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని రెండింటికీ ఒకే నియమం చెప్పింది. సిమ్లా మేస్త్రికీ బందరు మేస్త్రికీ ఒకటే పాఠమన్నమాట.

ఇక మన పాత ఇంటి సంగతి చూద్దాం.

పటమట ఈనాడు బందరు రోడ్డు వెంబడి అంగళ్లు, అపార్టుమెంట్లతో నిండిన నగరభాగం. 1985లో విజయవాడ నగరపాలక సంస్థలో కలిసేదాకా అది ఒక గ్రామ పంచాయతీ. పొలాలు, కాలువగట్లు, తాటిచెట్లు ఉన్న ఊరు. ఆ ఊరిలోనైనా, దిగువన ఉయ్యూరు, పామర్రు, అవనిగడ్డ దాకా ఏ ఊరిలోనైనా, సామాన్యుని ఇల్లంటే మట్టిగోడల మీద తాటాకు కప్పు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి, కాలువలు సాగి, వరి విస్తరించిన తరువాత వరిగడ్డి కూడా ఇంటి కప్పు మీదికి విరివిగా ఎక్కింది. తీరం వైపు రెల్లు, కొల్లేటి వైపు జమ్ము. ఊరి చుట్టూ ఏది దొరికితే అదే ఇంటి చర్మం.

ఈ ఇంటిని "గుడిసె" అని ఒక మాటలో తీసివేయడం మనకు అలవాటు. కాని దాని నిర్మాణాన్ని కొంచెం ఓపికగా చూడండి. నడుమ నిట్టాళ్లు, వాటి మీద వెన్నుదూలం, అక్కడి నుంచి నాలుగు వైపులా దిగే తాటి వాసాలు. కప్పు నాలుగు వాలులది. ముక్కోణపు గోడ గాలికి ఎదురు నిలబడే రెండు వాలుల కప్పు కంటే ఇది తుపానుకు బాగా ఓర్చుకుంటుందని ఇంజనీర్లు ఇప్పుడు లెక్కలు కట్టి చెబుతారు. వాలు నిటారుగా ఉంటుంది, నీరు ఆగకుండా జారిపోవడానికి. చూరు చాలా కిందికి దిగుతుంది. లోపలికి వెళ్లాలంటే నడుము వంచవలసిందే. పెద్దమనిషి కూడా తల వంచి రావాలని అలా కట్టారని వేళాకోళంగా అంటారు గాని, అసలు కారణం మట్టిగోడ. చూరు ఎంత దిగితే గోడకు వాన అంత తగలదు. ఎండ కూడా అంతే. గోడ అడుగున అరుగు ఉంటుంది. చూరునీళ్లు నేల మీద పడి చిందే తుంపర గోడ మొదలును కోయకుండా ఆ అరుగు కాస్తుంది. సాయంకాలం కబుర్లకు కూర్చునే అరుగు ముందు చేసేది ఈ కావలి పనే.

చూరు విషయంలో ఒక చిక్కున్నది. ముందుకు చాచిన చూరు వానకూ ఎండకూ రక్ష, కాని గాలికి అదే పిడి. గాలి కప్పును కిందికి అణచదు, మీదుగా వేగంగా పోతూ పైకి లాగుతుంది. చూరు కిందికి చొరబడిన గాలి దానికి సాయం చేస్తుంది. ఈ చిక్కును డెల్టావారు రెండు విధాల విప్పుకొన్నారు. ఒకటి, చూరును దాదాపు నేలకు దించి గాలి చొరబడే ఖాళీనే తగ్గించడం. రెండు, కప్పును తాళ్లతో కట్టడం. తాటినార, కొబ్బరి తాడు, వరిగడ్డి పేనిన వెంట్లు కప్పు మీదుగా అడ్డంగా నిలువుగా వేసి బిగించేవారు. తుపాను కబురు వస్తే ఆ తాళ్ల కొసలు నేలలో పాతిన మేకులకు కట్టేవారు. ఎవరూ పేరు పెట్టని ఇంజనీరింగు ఇది.

దీనికి ఒక పంచాంగం ఉండేది. తాటాకు రెండు మూడేళ్లకు, వరిగడ్డి ఒకటి రెండేళ్లకు కుళ్లిపోతాయి. కనుక ఎండాకాలంలో ఆకు కొట్టి, దొంతరగా పేర్చి, పైన బరువు పెట్టి, సాపు చేసి ఉంచుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతున్నప్పుడే కప్పు నేత పని. మృగశిర ప్రవేశించేలోగా పూర్తి కావాలి, లేకపోతే మొదటి వానకు ఇల్లు కురుస్తుంది. ఇల్లు నేసేరోజు నలుగురు చేరవలసిందే. ఒకరు కింది నుంచి ఆకు అందించాలి, ఒకరు పైన పరచాలి, ఒకరు లోపలి నుంచి నార దూర్చి లాగాలి. ఇవాళ మీ ఇల్లు, రేపు మా ఇల్లు. వానలు వెళ్లాక స్వాతి, విశాఖ కార్తెల్లో గాలివానల భయం. అవీ దాటాక, సంక్రాంతికి ముందు, గోడల పని. సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయడం పండుగ శోభ కోసమేనని మనం అనుకుంటాం. నైఋతి వానలూ, తుపానులూ గోడను కడిగేసిన తరువాత, మళ్లీ వాన వచ్చేలోగా పూత ఆరి గట్టిపడడానికి అంతకంటె అనువైన నెల డెల్టాలో మరొకటి లేదు. పండుగ, పని ఒకదానినొకటి వెతుక్కొని కలిసినట్టున్నాయి.

ఈ గోడల పనిలో ఎక్కువ భాగం ఆడవారిది. మట్టి, పేడ, వరిపొట్టు కలిపి మెత్తడం, పేడతో అలకడం, కింద జాజు పట్టీ, పైన సున్నం. పగుళ్లు ఎక్కడ పుడుతున్నాయో, చెమ్మ ఏ మూల ఎక్కుతున్నదో ఇంటి ఇల్లాలి చేతికి తెలిసినట్టు మేస్త్రికి తెలియదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. దాని మీది గోడ కూడా ఏటా కొంచెం కదులుతుంది. మట్టిపూత ఆ కదలికకు పగిలేది, ఏటా మళ్లీ మూసుకునేది. ఇంటి చరిత్ర రాసినవారు దూలాల గురించీ ద్వారబంధాల చెక్కడాల గురించీ రాశారు గాని, ఈ అలుకుడు గురించి రాసింది బహు తక్కువ. కూలి లేని పనికి లెక్కల పుస్తకంలో చోటుండదు మరి.

అలాగని తాటాకింటిని పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ ఇంట్లో పడుకున్నవారికి తెలుసు దాని బాధ. ఎండాకాలంలో ఒక నిప్పురవ్వ లేస్తే పేట మొత్తం బూడిద. కప్పులో ఎలుకలు, వాటి కోసం పాములు. వరసగా మూడు రోజులు ముసురు పట్టిందంటే గిన్నెలన్నీ కురిసే చోట్లకు సరిపోవు. ఏటా నేయవలసిన ఆకు ఊరికే రాదు. తాటిచెట్టు మరొకరి గట్టు మీదిదైతే ఆకు కోసం వెట్టి చేయవలసి వచ్చినవారూ ఉన్నారు. కప్పు మార్చడానికి శక్తి లేని ఏడు, ఆ ఇంటిది నల్లబడిన పాత కప్పే. డెల్టాలో ఎవరి ఆర్థికస్థితి ఏమిటో ఇంటి కప్పు రంగు చూసి చెప్పవచ్చునన్నది అతిశయోక్తి కాదు.

కలిగినవారు వేరే దారి పట్టారు. ఆ దారికి పేరు సున్నం.

సున్నంలో రెండు రకాలు. సున్నపురాయి కాల్చినది ఒకటి, నత్తగుల్లలు, ఆల్చిప్పలు కాల్చిన గుల్లసున్నం మరొకటి. తీరపు ఉప్పుటేళ్ల పక్కన గుల్లలకు కొదవ లేదు. కాల్చిన సున్నాన్ని నీటిలో విరియించి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే రాతి గానుగలో గంటల తరబడి నూరితే గానుగసున్నం. పూతకు కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు చేర్చేవారు. నునుపు తేవలసిన చోట కోడిగుడ్డు తెల్లసొన కూడా. వినడానికి వంటలా ఉన్నది గాని ప్రతిదానికీ పనున్నది. బెల్లం, కరక్కాయ సున్నాన్ని మెల్లగా బిగిసేటట్టు చేసి పగుళ్లు తగ్గిస్తాయి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఏళ్ల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. సన్నని పగులు వస్తే వాననీటిలో కరిగిన సున్నమే అక్కడ పేరుకొని దాన్ని పూడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది. లోపలికి చేరిన చెమ్మను ఆవిరిగా బయటికి పోనిస్తుంది. పాత మట్టి, సున్నపు గోడలకు సిమెంటు పూత పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే నిలిచి, నాలుగేళ్లకు పూత పలకలు పలకలుగా ఊడుతుంది. బెజవాడ వన్‌టౌన్ సందుల్లో పాత మేడలకు ఇలా "మరమ్మతు" చేసి చెడగొట్టినవి నడుస్తూ లెక్కపెట్టుకోవచ్చు.

గోడ సున్నమైతే కప్పు మద్రాసు మిద్దె. టేకు దూలాలు దగ్గర దగ్గరగా పరచి, వాటి మీద పలుచని ఇటుకలను నిలబెట్టి ఐమూలగా పేర్చి, పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన గచ్చు. ఆ గచ్చును ఆడకూలీలు వరుసగా కూర్చుని, చెక్క బద్దలతో రోజుల తరబడి కొడుతూ, మధ్య మధ్య బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లేవారు. నీరు దిగే సందు లేనంత దట్టమయ్యేదాకా ఆ దెబ్బ ఆగకూడదు. ఈ పనికి పాటలు కూడా ఉండేవంటే, ఎంతసేపు కొట్టవలసి వచ్చేదో ఊహించవచ్చు.

మిద్దె వేయలేక, తాటాకు వద్దనుకున్న మధ్యస్థులకు పెంకు దొరికింది. ఊరి కుమ్మరి చేసే గూనపెంకు ముందునుంచీ ఉన్నదే. మిల్లు పెంకు కథ వేరు. బాసెల్ మిషన్ జర్మన్లు 1865లో మంగుళూరులో యంత్రాలతో పెంకు చేయడం మొదలుపెట్టారు. ఒకదానికొకటి గాడిలో పట్టుకునే ఆ చదును పెంకు, రైలు వచ్చాక దక్షిణదేశమంతటా పాకింది. 1890ల నాటికి బెజవాడ రైలుమార్గాల కూడలి అయింది. మన ప్రాంతంలో దాన్ని ఎందుచేతనో బెంగుళూరు పెంకు అంటారు. మంగుళూరు ఎక్కడ, బెంగుళూరు ఎక్కడ! సరుకుకు వచ్చిన ఊరి పేరు పెట్టేటప్పుడు మనవాళ్లు భూగోళం అంతగా పట్టించుకోరు. పెంకు నిప్పుకు అంటుకోదు, ఏటా మార్చనక్కరలేదు. కాని రెండు మూడు కిలోల పెంకు తుపానుగాలికి లేచిందంటే అది కప్పు కాదు, కత్తి. అందుకే తీరపు ఊళ్లలో పెంకుటింటి కప్పు మీద చూరు పొడవునా, కొప్పు పొడవునా, నడుమన కూడా సున్నపు కట్లు వేస్తారు. దూరం నుంచి చూస్తే తెల్లని గీతలు గీసినట్టుంటుంది. అలంకారమనుకొనే ఆ గీతలు గాలికి పెంకు లేవకుండా వేసిన కుట్లు.

ఈ విద్యలన్నిటికీ ఒక హద్దున్నది. ఆ హద్దు పేరు ఉప్పెన.

1864 నవంబరు 1, స్వాతి కార్తె. రాత్రివేళ సముద్రం బందరు మీదికి వచ్చింది. ఆ ఒక్క ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయినట్టు ఆనాటి ప్రభుత్వ లెక్క. ఒకనాడు డచ్చివారు, ఇంగ్లీషువారు పోటీపడిన రేవుపట్టణం ఆ దెబ్బ నుంచి మళ్లీ మునుపటిలా లేవలేదు. 1977 నవంబరు 19, విశాఖ కార్తె ముగిసే వేళ, అదే కథ దివిసీమలో. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి, ఐదు మీటర్ల ఎత్తున నీరు. అధికారిక లెక్కల్లోనే మృతులు పది వేల చిల్లర. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ల పేర్లు ఈనాటికీ ఆ జిల్లాలో మామూలు గొంతుతో పలకలేరు. తాటాకు కప్పు గాలికి ఎగిరిపోవడం వల్ల చనిపోయినవారు తక్కువ. ఇల్లు నీటికి నిలవకపోవడం, ఎక్కడానికి ఎత్తైన గట్టి కప్పు ఒక్కటీ లేకపోవడం వల్ల పోయినవారే ఎక్కువ. గుడి మీదికో, బడి మీదికో, తుమ్మచెట్టు మీదికో ఎక్కగలిగినవారు బతికారు.

అప్పటి నుంచి డెల్టాలో ఇంటి మాటకు అర్థం మారింది. తాటాకు అంటే చావు, శ్లాబు అంటే ప్రాణం. ఇది ప్రచారం కాదు, కళ్లతో చూసినదాని నుంచి పుట్టిన నమ్మకం. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తరువాత ఎన్.టి.రామారావు ప్రభుత్వం బలహీనవర్గాలకు పక్కా ఇళ్లను ఒక పెద్ద కార్యక్రమంగా చేపట్టింది. తీరం వెంబడి తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి. 1990 మేలో ఇంచుమించు అంతటి తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటితే 967 మంది మరణించారు. పది వేలెక్కడ, వెయ్యికి లోపలెక్కడ! ముందుగా హెచ్చరిక అంది లక్షలాది మందిని తరలించడం దీనికి ప్రధాన కారణం. ఆశ్రయ భవనపు గట్టి కప్పు కూడా అందులో భాగం. సిమెంటును తిట్టేవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకొని తిట్టాలని నా మనవి.

పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1977 నుంచి 1988 దాకా ఈ డెల్టా ఊళ్లను పరిశీలించి 1992లో "పవర్, ఛాయిస్ అండ్ వల్నరబిలిటీ" అనే గ్రంథం ప్రకటించాడు. గాలి అందరి మీదా ఒకేలా వీచినా నష్టం, కోలుకోవడం మాత్రం ఆస్తిని బట్టి, ఊరిలో పలుకుబడిని బట్టి వేరువేరుగా ఉన్నాయన్నది ఆయన వాదనకు మూలం. ఇల్లు ఇచ్చినంత మాత్రాన పేదవాడి బలహీనత పోదని ఆ పుస్తకం చదివితే అర్థమవుతుంది. ఇంటి బయటి కాపు గురించి ఆలోచించే మనకు ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఎందుకంటే శ్లాబుకు కూడా కాపలా కావాలి, కాపలాకు డబ్బు కావాలి.

తాటాకు ఏటా కొంచెం అడిగేది. గడ్డి, నార, నలుగురి చేతులు. శ్లాబు ఇరవై ఏళ్లు ఏమీ అడగదు. ఆ తరువాత ఒక్కసారిగా అడుగుతుంది. తీరపు ఉప్పుగాలిలో, కొన్నిచోట్ల ఉప్పు తగిలిన ఇసుకతో, నీటితో కలిపిన కాంక్రీటులో, ఇనుము మీద కప్పు బొటనవేలి మందమైనా లేకుండా పోసిన శ్లాబు పైకి బాగానే కనబడుతుంది. ఒకనాడు అడుగువైపు గోధుమరంగు గీత పడుతుంది. ఇంటివారు దానికి సున్నం కొడతారు. రెండేళ్లకు పెచ్చు ఊడి కంచంలో పడుతుంది, కమ్మి బయటపడుతుంది. పగిలిన మట్టిగోడను ఇంటి మనిషి మధ్యాహ్నానికి బాగుచేసుకోగలిగేది. తుప్పు పట్టిన కమ్మిని బాగుచేయడం ఇంటి మనిషి చేతిలోని పని కాదు. దానికి రసాయనాలు, యంత్రాలు, నిపుణులు కావాలి. పేదకాలనీలో ఇవేవీ దొరకవు. అలుకుడు పోయింది, పంచాంగం పోయింది. వాటితోపాటు గోడను ఏటా ఒకసారి దగ్గరగా చూసే అలవాటు కూడా పోయింది. నా దృష్టిలో ఈ మార్పులో మనం పోగొట్టుకొన్నది తాటాకు కాదు, ఈ చూపు.

నగరంలో సంగతి మరో రకం. పటమట నగరంలో కలిసిన తరువాత పొలాలు పూడ్చి ఇళ్లు కట్టారు. డెల్టాలో ఇల్లు కట్టేవాడు మొదట చేసేది మెరక. పక్కవాడి కంటే, రోడ్డు కంటే ఒక అడుగు పైన ఉండాలి. తరువాత రోడ్డు మీద రోడ్డు వేస్తారు, పాత పొర తీయకుండానే. పదిహేనేళ్లకు రోడ్డు ఇంటి గడప ఎత్తుకు వస్తుంది. అప్పుడు వాననీరు ఇంటి గోడ మొదటికి చేరి నిలుస్తుంది. పూర్వం అరుగు చేసిన పని చేయడానికి ఇప్పుడు అరుగు లేదు. అది ఎప్పుడో కారు షెడ్డులో కలిసిపోయింది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట బుడమేరు గండ్లు పడి నగరం ఉత్తరభాగం రోజుల తరబడి మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయింది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షలను మించిన ప్రవాహమది. అంతసేపు నీటిలో నిలిచిన గోడ, వరద తీసిన తరువాత కూడా నెలల తరబడి లోపలి చెమ్మను కక్కుతూనే ఉంటుంది. కొత్త రంగు త్వరగా వేసినవారి గోడలే ముందు బొబ్బలెత్తుతాయి. ఆరనివ్వాలి. పాతవారు సంక్రాంతి దాకా ఆగింది ఇందుకే.

గాలి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. గాలి భారాన్ని లెక్కించే ఐ.ఎస్. 875 ప్రమాణంలో విజయవాడకు ఇచ్చిన మూలవేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. సముద్రానికి ఇంత దూరాన ఉన్నామని ధీమాగా ఉండే పటమటవారు ఈ అంకెను ఒకసారి గమనించాలి. ఎందుకంటే మన డాబాల మీద ఇప్పుడు ఒక కొత్త కప్పు లేస్తున్నది. కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండను తాగి రాత్రంతా లోపలికి కక్కుతుంది. 2015 మేలో వడదెబ్బకు రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఈ ఎండకు విరుగుడుగా కొందరు డాబాకు తెల్లని పూత వేస్తున్నారు. పొరుగున తెలంగాణ 2023లో దీనికొక చలవకప్పుల విధానాన్నే ప్రకటించింది. సున్నం కొట్టిన తెల్లని మిద్దె మళ్లీ కొత్తపేరుతో వచ్చిందన్నమాట. మరికొందరు డాబా మీద ఇనుపస్తంభాలు నిలిపి రంగురేకుల కప్పు వేస్తున్నారు. వాన శ్లాబు మీద పడదు, ఎండ పడదు, బట్టలు ఆరతాయి, మామిడికాయ ముక్కలు ఎండ తగలక మెత్తబడుతున్నాయని ఆడవారి ఫిర్యాదు ఒకటి తప్ప అంతా బాగే. శ్లాబుకు చూరు వేస్తున్నామని ఎవరూ అనరు గాని చేస్తున్నది అదే. పటమటలో ఏ మేడ మీదికి ఎక్కి చూసినా నీలం, ఎరుపు రేకులు కనబడతాయి.

ఈ రేకుకు నాలుగు వాలులు లేవు. చూరు నేలకు దిగదు. నాలుగో అంతస్తు మీద, గాలి ఎక్కువగా ఉండే చోట, అడుగున అన్ని వైపులా తెరుచుకొని నిలబడుతుంది. పెనుగాలికి పైకి లేవడానికి ఇంతకంటె అనువైన కప్పును కావాలని కట్టినా కట్టలేం. ఎగిరిన తాటాకు పక్కింటివాడికి గీరుకుపోవచ్చు. ఎగిరిన రేకు సంగతి వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందురోజు మా వీధిలో మేడల మీద అలికిడి. ఇసుక నింపిన గోతాలు మెట్లెక్కుతున్నాయి. స్తంభాలకు, పిట్టగోడ కొక్కేలకు రేకుల మీదుగా నైలాను తాళ్లు బిగిస్తున్నారు. ఒకరు పైన, ఒకరు కింద, ఒకరు తాడు లాగుతూ. ఆ రేకులు వేసిన మేస్త్రి గాలి లెక్క కట్టాడో లేదో గాని, తాడు ఎటు నుంచి ఎటు వేయాలో చెబుతున్న ముసలాయనకు మాత్రం ఎవరూ అది నేర్పనక్కరలేకపోయింది.